వద్దని ఒక్క మాట రాయి, పిన్నీ

బాన్సువాడ,
సోమవారం

నాగేంద్రమ్మ పిన్నికి,

సుస్మిత నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నా నిద్ర ఒక్కటే బాగాలేదు. మీ వర్ని వైపు కోతలు మొదలయ్యాయని బస్సులో ఎవరో అంటుంటే విన్నాను. ఫోన్ చేద్దామంటే నీ చెవి మిషన్ ఈలలు వేస్తుంది. నేను అరిస్తే పక్కింటివాళ్లు కిటికీ తీస్తారు. అయినా ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

ఇన్నేళ్లుగా కాలేజీలో పైనుంచి పడే వస్తువుల పాఠం చెప్తున్నాను కదా. మొన్న ఒక పిల్ల లేచి, "మేడమ్, పడేటప్పుడు బరువు తెల్వదంటరు గదా, మీరెప్పుడన్న పడి చూసిండ్రా?" అంది. క్లాసంతా నవ్వింది. "అవకాశం వస్తే చూస్తాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పక్క గదిలో బోటనీ చెప్పే రుబీనా ఆ మాట విన్నది. ఆడ లెక్చరర్లకి ఏదో పోటీ పెట్టారట, మా ఇద్దరి పేర్లూ పంపింది, ఇద్దరికీ అవకాశం వచ్చింది.

సంగతేమిటంటే, మహారాష్ట్రలో ఒక పాత రన్‌వే మీదికి ఒక జెట్ విమానం వస్తోంది. లోపల జీపీఎస్ ఉంటుంది. బాగా పైకి పోయాక, కింద సరైన చోటు వచ్చిందని జీపీఎస్ చూపించగానే వెనక తలుపు తీసి పొలాల మీదుగా వరసగా కిందికి వదులుతారు. ఆ వరసలో నేనూ ఉన్నాను.

మీ అల్లుడిని అడిగితే పేపరు దించకుండానే "నీ ఇష్టం" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇచ్చిన సలహాలన్నీ కలిపితే ఈ రెండు మాటలే. నా ఇష్టమేమిటో నాకు తెలిస్తే ఆయన్ని ఎందుకు అడుగుతాను? అందుకే నిన్ను అడుగుతున్నాను. పెద్దదానివి. నువ్వు వద్దన్నావంటే ఇక్కడ ఎవరూ కాదనరు, రుబీనాతో సహా.

జవాబు కోసం చూస్తుండే,
సుస్మిత

తా.క.: వద్దనాలనిపిస్తే అనిపించినట్టే రాసెయ్యి. మొహమాటపడకు. నేనేమీ అనుకోను. అస్సలు అనుకోను.


వర్ని,
గురువారం

చిరంజీవి సౌభాగ్యవతి సుస్మితకు,

నీ పిన్ని నాగేంద్రమ్మ దీవెనలు. కోతలు సగమయ్యాయి, నా నడుము పూర్తిగా అయిపోయింది, మిగతా అంతా క్షేమం. నీ ఉత్తరం నేను చదువుకుని, పక్క పొలం మెహరాజ్ అక్కకి చదివి వినిపించి, ఆవిడ మళ్లీ చదవమంటే మళ్లీ చదివాను.

వద్దనడానికి నాకేం పట్టిందే? మొన్న రుద్రూర్ నుంచి సైంటిస్టులు వచ్చి మన చేలో డ్రోన్ ఎగరేసి చూపించారు. ముందు ఒక మనిషి జీపీఎస్ పట్టుకుని నాలుగు గట్లూ తిరిగి మూలమూలకీ పాయింటు పెట్టాడు. అంతే, ఆ యంత్రం గట్టు దాటితే ఒట్టు! మందంతా మన చేలోనే పడింది. మెహరాజ్ అక్క వాళ్లాయన, అబ్దుల్ కరీం భాయ్, తన గట్టు మీద నిలబడి చూసి చూసి, "గిదేంది బహెన్, జర గాలన్న రాకపాయె, నా దిక్కు నాలుగు చుక్కలు పడుతుండె" అని బాధపడ్డాడు.

ఇప్పుడు ఏకంగా జెట్టు వస్తోందంటే, అందులో మన ఇంటి పిల్ల పని చేస్తుందంటే, నాకు ఒళ్లు పులకరించింది. ఆ లెక్కన మండలం మండలం ఒక్క పూటలో అయిపోతుంది కదా! వదిలేది మందో విత్తనాలో మాత్రం నువ్వు రాయలేదు. చదువుకున్నవాళ్లు అసలు సంగతి ఎప్పుడూ రాయరు.

ధైర్యంగా వెళ్లు.

ఇట్లు నీ మేలు కోరే,
నాగేంద్రమ్మ

తా.క.: మందయితే గాలికి ఎదురుగా నిలబడకు, ముక్కుకి గుడ్డ కట్టుకో. విత్తనాలైతే కరీం భాయ్ ఒక మాట అడగమన్నాడు: గట్టు పక్కన కాస్త ఒలికితే ఎవరైనా చూస్తారా?


బాన్సువాడ,
శనివారం

పిన్నికి,

నమస్కారం. కుశలప్రశ్నలు మళ్లీ రాస్తాను, ముందు ఇది విను. వదిలేది మందు కాదు. విత్తనాలు కాదు. నన్ను.

మొదటి ఉత్తరంలో "దూకుతాను" అని రాయడానికి చెయ్యి ఆడలేదు, అందుకే చుట్టూ తిప్పి రాశాను. ఇప్పుడు రాస్తున్నాను. ఎగురుతున్న విమానంలోంచి దూకుతాను. నా వీపుకి ఒక ట్రైనర్ అమ్మాయిని పట్టీలతో బిగిస్తారు, పారాచూట్ ఆమె దగ్గర ఉంటుంది. కొంతసేపు ఇద్దరం ఊరికే పడతాం. తర్వాత ఆమె దాన్ని తెరుస్తుంది. తెరుస్తుందనే అంటున్నారు.

మంజీర వంతెన మీద బస్సు కిటికీలోంచి కిందికి చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయని నీకు తెలుసు. ఆ విమానంలోంచైతే నది కూడా దారంలా కనపడుతుందట. పైగా ఇది జెట్టు, ఎంత నెమ్మదిగా నడిపినా నెమ్మది కాదు. చిన్న విమానంలో తలుపు దగ్గర ఎవరైనా తటపటాయిస్తే పక్క వీధిలో పడతారట. ఇందులో తటపటాయిస్తే పక్క ఊళ్లో పడతారు. అందుకే జీపీఎస్. దిగాల్సిన మైదానం ఎక్కడుంది, విమానం ఎక్కడుంది, గాలి ఎటు తోస్తోంది, అన్నీ చూసుకుని పచ్చ దీపం వేస్తారు. అది వెలుగుతున్నంతసేపే దూకాలి. ఆరిందంటే మైదానం దాటిపోయినట్టు.

రుబీనా ఒక వీడియో చూపించింది. విమానం వెనక తలుపు తెరుచుకుంటుంది. అవతల ఏమీ లేదు పిన్నీ. మేఘాలు కూడా చాలా కిందెక్కడో ఉన్నాయి. ఆ ఏమీ లేనిదానిలోకి మనుషులు నడిచి వెళ్తున్నారు. నాకు చేతులు చల్లబడ్డాయి. అది భయమేనా అని తర్వాత చాలాసేపు అనుమానపడ్డాను. భయమైతే వీడియో అన్నిసార్లు ఎందుకు చూస్తాను?

ఇప్పుడు అంతా తెలిసింది కదా. ఇప్పుడు చెప్పు.

నీ సుస్మిత

తా.క.: మన వంశంలో ఎవరూ ఇంటి పైకప్పు మీంచి కూడా దూకలేదని గుర్తుచేస్తే నేను వెంటనే ఒప్పుకుంటాను.


వర్ని,
బుధవారం

నా బంగారానికి,

పిన్ని దీవెనలు. ఉత్తరం చదివి మంచం మీద కూర్చున్నాను. లేచాక పనులు మొదలుపెట్టాను.

ముందు మెహరాజ్ అక్కకి చెప్పాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "యా అల్లా, మీ పొల్ల ఆస్మానం నుంచి వస్తదా? రానియ్యి, మంచిగ దావత్ చేద్దాం" అంది. తర్వాత కరీం భాయ్‌ని పిలిచి, ఆయన ఫోన్‌లో జీపీఎస్ పెట్టించి, నేనే దగ్గరుండి మన చేను నాలుగు గట్లూ తిరిగి మూలమూలకీ పాయింట్లు గుర్తు పెట్టించాను. ఆ నంబర్లన్నీ ఈ ఉత్తరం వెనక రాశాను. మీ జెట్టు వాళ్లకి ఇవ్వు. ఇక నువ్వు గట్టు దాటి పడే ప్రసక్తే లేదు.

మన చేను కోత అయిపోయింది, మెత్తగా గడ్డి పరిపించాను. నడిమధ్య సున్నంతో పెద్ద ముగ్గు వేయించాను, పైనుంచి గుర్తుపట్టడానికి. పక్కన షామియానా. తూర్పు గట్టు వైపు మాత్రం రాకు, అటు కరీం భాయ్ వరి ఇంకా కోయలేదు, నువ్వు పడితే గింజ రాలుతుంది. ఆయన పైకి "ఏం ఫికర్ లేదు బహెన్, మన బిడ్డెనాయె" అన్నాడు గానీ, సాయంత్రం చూస్తే గట్టు పొడుగునా ఎర్ర గుడ్డలు కట్టి ఉన్నాయి.

ఇంకొక మాట. వరసలో దూకుతారని రాశావు. కాలవ నీళ్లకి వంతు కట్టినట్టే ఇదీను. మొదటి వంతు అడుగు. చివరి మడి వాళ్లకి ఏ రోజుల్లోనూ న్యాయం జరగలేదు.

ఇట్లు,
నీ పిన్ని

తా.క.: బీర్కూర్ నుంచి కూడా చూడ్డానికి వస్తామంటున్నారు. దిగగానే వెంటనే చెప్పులు వేసుకో, వరి మోళ్లు గుచ్చుకుంటాయి.


బాన్సువాడ,
శుక్రవారం

పిన్నీ,

దణ్ణం పెడతాను, షామియానా తీయించు. నేను మన చేలో పడను. విమానం మన మీదుగా రానే రాదు. అది మహారాష్ట్రలో లేచి మహారాష్ట్రలోనే తిరిగి దిగుతుంది. డ్రోన్‌కి గట్లు చెప్పినట్టు దానికి ఎవరూ చెప్పలేరు. నీ నంబర్లు రుబీనాకి చూపిస్తే స్టాఫ్ రూమ్‌లో బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. "మేడమ్, మీ పిన్ని జీపీఎస్ మంచిగనే పెట్టింది. విమానమే తప్పు దిక్కుకు పోతున్నది" అంటోంది.

ఇక దాచను. మొదటి ఉత్తరం నుంచీ నేను అడుగుతున్నది ఒక్కటే. వద్దని రాయి. ఒక్క మాట. నేను పేరు వెనక్కి తీసుకుంటే పిల్లల ముందు పిరికిదాన్ని. నువ్వు వద్దంటే పెద్దల మాట విన్నదాన్ని. పని ఒకటే, చూసేవాళ్లకి తేడా ఉంటుంది. ఈ తేడా కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. అయినా రాయి.

నీ సుస్మిత

తా.క.: చిన్న కార్డు చాలు. సంతకం కూడా అక్కర్లేదు.


వర్ని,
ఆదివారం

సుస్మితకు,

దీవెనలు. ఆ మాట నేను రాయను.

నాకు ఇష్టమై కాదు. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదు. పొలానికి పోయేవాడినైనా, పరీక్షకి పోయేవాడినైనా గుమ్మం దాటాక "ఆగు" అనకూడదని మా అత్తగారు చెప్పేది. నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడే గుమ్మం దాటావు. కాళ్లు ఇంట్లో ఉంటే ఏంటి, మనసు ఆ వీడియో దగ్గర ఉంది.

నువ్వు పొలానికి రానంటున్నావు కాబట్టి మేమే వస్తున్నాం. కరీం భాయ్ జీపు మాట్లాడాడు. నేను, ఆయన, మెహరాజ్ అక్క. విమానం ఎటు పోతే అటే చూస్తాం.

నీ పిన్ని

తా.క.: షామియానా తీయలేదు. అందులో ఒడ్లు ఆరబోశాం.


బాన్సువాడ,
మంగళవారం

పిన్నికి,

నమస్కారం. ఆ రోజు అంతా అయ్యాక తిరిగి జీపు ఎక్కిన దగ్గర్నుంచి మా ఇంటి ముందు నన్ను దింపేదాకా నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అందుకే మళ్లీ ఉత్తరం.

విమానం ఎక్కే ముందు పరీక్ష చేసే డాక్టరమ్మ గదిలో ఏం జరిగిందో నీకు తెలియదు. బీపీ పట్టీ బిగించింది, చూసింది, మళ్లీ బిగించింది. "ఇంత బీపీతో నేను పంపను" అని కాగితం మీద రాసి, ముద్ర వేసి, చేతిలో పెట్టింది. నువ్వు రాయనన్న మాటే అది. పేరు పోకుండా, పిరికితనం బయటపడకుండా, ముద్రతో సహా వచ్చింది. నేను ఎగిరి గంతేయాలి కదా? బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. కావలసింది దొరికాక గానీ అది నాకు అక్కర్లేదని తెలియలేదు.

మొహం కడుక్కుని వచ్చేసరికి నువ్వు దూకేవాళ్ల నారింజ రంగు బట్టల్లో నిలబడి ఉన్నావు! ఖాళీ ఎవరికైనా కావాలా అని అడిగితే చెయ్యెత్తింది నువ్వేనట. నీ బీపీ అంత చక్కగా ఉండటం చూసి డాక్టరమ్మ మిషన్ పనిచేస్తోందా అని తన చేతికి పెట్టుకుని చూసుకుందట. లోపల మెహరాజ్ అక్క సల్వార్ వేసుకున్నావనీ, ఆవిడ నీ చీర కట్టుకుని కూర్చుందనీ రుబీనా చెప్పాకే నాకు అర్థమైంది.

కింద నుంచి నాకు కనిపించింది ఇంతే. ఆకాశంలో ఒక తెల్లగీత. దాని చివర గింజల్లా కొన్ని చుక్కలు రాలాయి. ఎంత ఎత్తు నుంచి ఎంత వేగంతో వస్తాయో నేను బోర్డు మీద రాయగలను. ఆ చుక్కల్లో ఒకటి మా పిన్ని అనే సంగతి మాత్రం నా మనసుకి పట్టలేదు. కరీం భాయ్ టోపీ తీసి గుండెకి అదుముకుని, "ఏదో ఒకటి మన బహెనే, అన్నిటికీ దువా చెయ్యుండ్రి" అన్నాడు. అందరం చేశాం.

అక్కడ ఏం చూశావు? రాయి. నెలాఖరున ఇంకో విడత ఉందట, ఈసారి ఎవరైనా పేరివ్వొచ్చట, బీపీ తగ్గితే నన్నూ రమ్మన్నారు. పోనా, వద్దా?

సుస్మిత

తా.క.: నారింజ రంగు నీకు బాగుంది.


వర్ని,
శనివారం

నా తల్లికి,

పిన్ని రాయునది. ఇన్నాళ్లూ ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపుతున్నాను. మాటలు సరిపోవడం లేదు.

నువ్వు ఏడ్చి వచ్చిన మొహం నేను చూశాను. నీ బదులు ఎవరో ఊరూపేరూ లేని మనిషి వెళ్లడం నాకు నచ్చలేదు. అందుకే చెయ్యెత్తాను. అంతేగానీ ధైర్యం ఉండి కాదు. ఆ ధైర్యమంతా ఉత్తరాల్లోదే.

వెనక తలుపు తెరిచారు. చెవి మిషన్ కిందే తీసేశారు కదా, నాకు ఏమీ వినిపించలేదు, చప్పుడంతా ఎముకల్లోకి వచ్చింది. పచ్చ దీపం వెలిగింది. నేను "వద్దు" అన్నాను. నిజం. నీకు రాయను పొమ్మన్న మాట, నోరారా, గొంతు చించుకుని, "వద్దు వద్దు వద్దు" అన్నాను. వీపుకి కట్టింది మరాఠీ పిల్ల. దానికి తెలుగు రాదు. దండకం చదువుకుంటున్నాననుకుని, బొటనవేలు చూపించి దూకేసింది.

ఇక ఆ తర్వాత. పుట్టిన దగ్గర్నుంచి నేను భూమిని గట్టు మీద నిలబడి చూసినదాన్ని. ఏ మడిలో నీళ్లు ఎంతున్నాయో, గట్టు ఎవరు ఎంత జరిపారో చూడ్డమే నా చూపు. అక్కడ గట్టు లేదు సుస్మితా. వెతికాను. పచ్చ, పసుపు, మట్టి రంగు, మధ్యలో ఎండ పడి మెరిసే నీటి గీత ఒకటి. అంచు వంగి ఉంది, పెద్ద పళ్లెం అంచులా. ఇంత పెద్దది మన కాళ్ల కింద ఉంటే దాన్ని చెక్కలు చెక్కలు చేసుకుని కొట్లాడుకున్నామా అనిపించింది. గొడుగు విచ్చుకున్నాక ఆ పిల్ల నా చేతులు రెండూ విడదీసి గాలిలో పెట్టింది. నాకు నిశ్శబ్దం కొత్త కాదు, చెవిటిదాన్ని. కానీ అది నాలో ఉన్న నిశ్శబ్దం కాదు, బయటిది. ఎవరిదో. చాలా పెద్దవాళ్లది. అందుకే జీపులో మాట్లాడలేకపోయాను.

పోనా వద్దా అని నన్ను అడగకు. నా వద్దుతో నేనే ఆగలేదు. అది పట్టుకుని నువ్వేం చేసుకుంటావు?

నీ పిన్ని

తా.క.: వచ్చే విడతకి మెహరాజ్ అక్క వాళ్లాయనకి చెప్పకుండా పేరిచ్చింది. నా చేత ఒట్టు వేయించుకుంది. కరీం భాయ్ కూడా ఆవిడకి చెప్పకుండా పేరిచ్చాడు. ఆయనా ఒట్టు వేయించుకున్నాడు. నాకు అన్నం సయించడం లేదు.


బాన్సువాడ,
సోమవారం

పిన్నికి,

నమస్కారం. బీపీ తగ్గింది, నెలాఖరు విడతకి పోయాను. ముందుగా ఇది: మేం మైదానంలో పడలేదు. చాలా అవతల, చెరకు తోటలో పడ్డాం. తప్పు జీపీఎస్‌ది కాదు, నాది.

తలుపు తెరిచాక నేనూ "వద్దు" అన్నాను. నువ్వు రాసింది గుర్తుంది కాబట్టి ధైర్యంగానే అన్నాను, ఎలాగూ తోసేస్తారని. కానీ నా వీపుకి కట్టింది నిజామాబాద్ పిల్ల. పేరు శ్రావ్య. తెలుగు మనకంటే బాగా వచ్చు. నా చెవి దగ్గరికి వంగి, "వద్దా మేడమ్? ఏం కాదు, ఎనుకకు పోదం. గని జల్ది చెప్పుండ్రి, లైటు పోతది" అంది.

ఎంత మర్యాదగా అడిగిందో! నన్ను ఎవరూ తోయడం లేదు, ఎవరూ ఆపడం లేదు. వెనక ఉన్నవాళ్లు నా భుజాల వైపు చూస్తున్నారు. ముందు పచ్చ దీపం. దాని అవతల ఆ ఏమీ లేనిది. జెట్టు ఎవరి కోసమూ ఆగదు కదా, నేను ఆలోచిస్తున్నంతసేపూ కింద ఊళ్లు జరిగిపోతున్నాయి. నీకు రాయడానికి కాగితం లేదు. నా గురించి నన్ను తప్ప అడగడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

"పద" అన్నాను. ఆ గొంతు నాదేనా అని అప్పుడూ అనుమానమే. అనుమానం తీరేలోపు కాళ్ల కింద విమానం లేదు.

తర్వాతది రాద్దామని రాత్రి నుంచి కూర్చున్నాను. నువ్వు భూమిని చూశావు. నేను పైకి చూశాను పిన్నీ. పట్టపగలు ఆకాశం నడినెత్తిన నల్లబడుతున్నంత నీలంగా ఉంది. అంత పెద్దదానికి నేను పడుతున్నానో లేదో అక్కర్లేదు. అది నన్ను బాధపెట్టలేదు. ఎందుకో ఎంతో దయగా అనిపించింది. ఇంతకంటే సరిగ్గా రాయలేను. సరిగ్గా రాశానా అని కూడా తెలియదు.

సుస్మిత

తా.క.: చెరకు రైతు కొడవలి ఎత్తి కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. మమ్మల్ని చూశాడు, పైకి చూశాడు, మళ్లీ మమ్మల్ని చూశాడు. కొడవలి మెల్లగా నేల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు. శ్రావ్య నవ్వు ఆపుకోలేక చెరకులో కూర్చుండిపోయింది. నేను మాత్రం ఆయనకి తిరిగి దణ్ణం పెట్టాను. ఆ క్షణంలో ఎవరు ఎదురొచ్చినా పెట్టేదాన్ని.